రేపు సెలవు, పొద్దున్నే పోదామా? దుబాయి నుంచి ఒక్కరోజు బయటికి

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు మనుషులకు అప్పటికప్పుడు బయల్దేరడం ఎవరూ నేర్పనక్కర్లేదు. మంగళవారం పొద్దున ఎవరో ఒకరు "కొండగట్టు పోయొద్దామా" అంటే ఛాయ్ తాగేలోపు ఆటో నిండుతుంది. వేములవాడలో కోడె మొక్కు బాకీ ఉందని గుర్తొస్తే రాత్రికి రాత్రే బస్టాండు కాడ ఉంటారు. అదే మనిషి సోనాపూర్ లేబర్ క్యాంపులోనో, షార్జా సజ్జాలోనో, అబుదాబి ముసఫ్ఫాలోనో ఏండ్ల కొద్దీ ఉండి ఊరికొస్తే, "అక్కడ ఏమేం చూసినవ్ బావా" అన్న ప్రశ్నకు జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. ఎయిర్‌పోర్టు, సైటు, క్యాంపు. మహా అయితే బుర్జ్ ఖలీఫా కింద దిగిన ఫొటో ఒకటి.

సెలవు దొరకక ఇట్లయితుందంటే పూర్తిగా నిజం కాదు. ఎమిరేట్స్ కార్మిక చట్టం (2021 నాటి 33వ నంబరు డిక్రీ) వారానికి కనీసం ఒకరోజు విశ్రాంతి ఇవ్వాలంటుంది. 2022 జనవరి నుంచి అక్కడి కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు శని, ఆదివారాలతో పాటు శుక్రవారం సగం పూట సెలవైంది. మన కంపెనీలు చాలావాటిలో ఇప్పటికీ దొరికేది ఒక్క ఆదివారమో, ఒక్క జుమ్మానో. ఓటీ పడితే అదీ పోతుంది. పడని వారం మాత్రం ఏం చేస్తున్నాం? పదకొండు దాకా పడుకోవడం, బట్టలు ఉతకడం, మటన్ వండడం, ఇంటికి వీడియో కాల్, మళ్లీ పడుకోవడం. ఒళ్లు అలసిన మనిషి పడుకోవడంలో తప్పులేదు. నెలకు నాలుగు సెలవులూ అట్లనే పోవడం మీదే మా అభ్యంతరం.

కాళ్లకు అడ్డం పడేది చాలాసార్లు గుణకారం. 2023, 2024లో దిర్హమ్ విలువ 22, 24 రూపాయల మధ్య తిరిగింది. ఏ ఖర్చు కనబడినా మనోడు దాన్ని 23తో గుణిస్తాడు. నాలుగు దిర్హమ్‌ల టోలు చూస్తే 92 రూపాయలు, బస్సు టికెట్ 25 అంటే 575 రూపాయలు అని గుండె గుభేలుమంటుంది. సంపాదన మాత్రం గుణించకుండా దిర్హమ్‌లలోనే చూస్తాడు. లెక్క రెండు వైపులా ఒకే పైసల్లో వేయాలి. నలుగురు కలిసి చిన్న కారు ఒకరోజుకు కిరాయి తీసుకుని రస్ అల్ ఖైమా అవతల జబల్ జైస్ కొండకు పోయొస్తే, ఇన్సూరెన్స్‌తో కలిపి కిరాయి 150, పెట్రోలు 65, తిండి, నీళ్లు, ఛాయ్ మరో 65. మొత్తం 280, తలకు 70 దిర్హమ్‌లు. సుమారు 1600 రూపాయలు. ప్రతి వారం చేస్తే భారమే, నెలకు 1200 దిర్హమ్‌ల జీతగాడికి అది తెలుసు. రెండు నెలలకోసారి అయితే, ఒక రూం దావత్‌లో మటన్‌కు, తాగుడుకు తలా వేసుకునే వాటా కంటే పెద్దదేం కాదు. దావత్ వాటాను ఎవరూ 23తో గుణించరు, అదీ విచిత్రం.

అయితే ఒక మాట. కొండగట్టుకు అప్పటికప్పుడు పోవడానికి చెప్పులేసుకుంటే చాలు, పరాయి దేశంలో అట్ల కుదరదు. శనివారం రాత్రి పదికి అనుకుని ఆదివారం ఐదింటికి బయల్దేరాలంటే కొన్ని పనులు వారాల ముందే అయిపోయి ఉండాలి. ఎక్కువ ట్రిప్పులు చెడేది అవి కాకపోవడం వల్లే.

మొదటిది బతాకా. ఎమిరేట్స్ ఐడీ జేబులో లేకుండా క్యాంపు గేటు దాటొద్దు. 2022 నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్ వేయడం లేదు, ఆ కార్డే నివాస రుజువు. యూఏఈ పాస్ యాప్‌లో డిజిటల్ కాపీ కూడా పెట్టుకుంటే మంచిది. కార్డు గడువు తేదీ ఒకసారి చూసుకోండి. దేశం లోపల తిరగడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, కాబట్టి "పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, ఎట్ల పోవాలె" అన్న భయం పెట్టుకోవద్దు. అసలు కంపెనీ పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడమే అక్కడి చట్టానికి విరుద్ధం, అది వేరే పంచాయితీ. రాత్రి బయట ఉండాల్సి వస్తే క్యాంప్ బాస్‌కు ముందే చెప్పండి. చెప్పకుండా పోతే మరునాడు పొద్దున హాజరులో పేరు లేదని ఫోన్ల మీద ఫోన్లు మొదలవుతాయి. ఒక్క రాత్రికి ఎవరినీ కల్లివెల్లి (పని వదిలి పారిపోయినోడు) కింద రాయరు గానీ, ఫోర్‌మన్‌తో మాట పడటం ఎందుకు.

రెండోది లైసెన్సు. తెలంగాణ లైసెన్సు చూపించి అక్కడ కారు నడపడం కుదరదు. అకామా (నివాస వీసా) ఉన్న మనిషికి యూఏఈ లైసెన్సే ఉండాలి. రూములో పదిమంది ఉంటే అది ఒక్కడికి ఉంటుంది, వాడు తరచూ కంపెనీ డ్రైవరే. వారంలో ఆరు రోజులు బండి తోలినోణ్ని ఏడో రోజు కూడా స్టీరింగ్ ముందు కూర్చోబెడుతున్నాం. కాబట్టి అతని దగ్గర ఖర్చు వాటా తీసుకోవద్దు. శనివారం రాత్రి అతను పడుకోవాలి, పత్తాలు మీరాడుకోండి. మధ్యాహ్నం తిన్నాక గంటసేపు అతనికి నీడలో కునుకు పడాలి. సాయంత్రం తిరుగు దారిలో కండ్లు మూతపడేది అతనికే, వెనక సీట్లో గురకపెట్టే వాళ్లకు ఏం తెలుస్తుంది.

కంపెనీ పికప్ వాడుకుందాం అనే ఆలోచన ప్రతి రూములోనూ వస్తుంది. వద్దు. డ్యూటీలో లేని పనికి బండి బయటికి తీసి గుద్దుకుంటే ఇన్సూరెన్స్ మాట అటుంచి నౌకరీ మీదికొస్తుంది. పికప్ వెనక డబ్బాలో మనుషులను ఎక్కించడం నేరం కూడా. ఊళ్లో ట్రాక్టర్ ట్రాలీలో జాతరకు పోయినట్టు అక్కడ పోలేం. పదిమందికి మినీబస్సు అనుకుంటే, దాన్ని తోలడానికి కారు లైసెన్సు చెల్లదు, వేరే కేటగిరీ కావాలి. పర్మిట్ లేని కార్‌లిఫ్ట్‌లకు డబ్బులిచ్చి ఎక్కడం కూడా చట్టవిరుద్ధమే. స్నేహితులు పెట్రోలు పంచుకోవడం వేరు, కిరాయి వసూలు చేయడం వేరు.

లైసెన్సు ఎవరికీ లేని రూము అయితే మా ఓటు అల్ ఐన్‌కు. దుబాయి అల్ గుబైబా బస్టాండు నుంచి ఈ-201 బస్సు, టికెట్ 25 దిర్హమ్‌లు, రెండు గంటల దారి. బస్సులో నగదు తీసుకోరు, నోల్ కార్డు (బస్సు, మెట్రోలకు వాడే రీఛార్జ్ కార్డు) లోంచే కోత పడుతుంది. రానుపోను 50, ఇంకో పది పైన వేసుకుని శనివారమే రీఛార్జ్ చేయించుకోండి. పొద్దున ఆరున్నరకు లైన్లో నిలబడి, కార్డులో పైసలు లేవని వెనక్కి పోవడం మనోళ్లకు మామూలు. అక్కడ బస్టాండు నుంచి ఒయాసిస్ నడిచిపోయేంత దూరం, లోపలికి టికెట్ లేదు. 1200 హెక్టార్లలో లక్షకు పైగా ఖర్జూరపు చెట్లు. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, మన రామప్ప 2021లో చేరిన జాబితానే అది.

ఉత్తర తెలంగాణ మనిషి అక్కడ చూడాల్సింది చెట్లకంటే నేలమీది కాలువలు. వాటిని ఫలజ్ అంటారు. కొండ అడుగున ఉన్న భూగర్భ జలాన్ని మైళ్ల కొద్దీ సొరంగం తవ్వి, మోటరు లేకుండా వాలు మీదనే తోటలోకి తెచ్చారు. లోపల మట్టిగోడల మధ్య మూరెడు వెడల్పు కాలువ. మడి దగ్గర ఒక చిన్న అడ్డు తీస్తే నీళ్లు లోపలికి తిరుగుతాయి, మూస్తే పక్క మడికి పోతాయి. ఎవరి వంతు ఎంతసేపో లెక్క ఉంటుంది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల తూముల కింద పారిచ్చుకున్నోడికి, ఊళ్లో నీరటికాడు వంతు మార్చడం చూసినోడికి ఇది ఎవరూ వివరించనక్కర్లేదు. గైడ్ చెప్పేదానికంటే ఎక్కువ విషయం ఒక మెట్‌పల్లి రైతు ఆ అడ్డు దగ్గర కూర్చుంటే పట్టుకుంటాడు. ఇసుక దేశంలో వ్యవసాయం ఏముంటదని కొట్టిపడేసే మనవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోటు ఇది.

పక్కనే 1890లలో కట్టిన జాహిలీ కోట ఉంది. జబల్ హఫీత్ కొండ కూడా అల్ ఐన్‌లోదే, 11.7 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, 60 మలుపులు. బస్సులో పోయినోళ్లు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. టాక్సీ పైకి తీసుకుపోతుంది గానీ దిగడానికి పైన టాక్సీ దొరకడం కష్టం. పోవాలంటే వెయిటింగ్ ముందే మాట్లాడుకోవాలి, అది బస్సు టికెట్‌కు ఎన్నో రెట్లు.

కారుంటే రెండు దారులు బాగుంటాయి. ఒకటి జబల్ జైస్. సోనాపూర్ వైపు నుంచి ఈ-311 రోడ్డు ఎక్కితే సాలిక్ గేటు (దుబాయి టోలు గేటు) తగలకుండానే రస్ అల్ ఖైమా చేరతారు. రానుపోను 280 నుంచి 300 కిలోమీటర్లు. ఇక్కడే చాలామంది దెబ్బతినేది. కిరాయి కారుకు రోజుకు 250 కిలోమీటర్ల హద్దు పెట్టే షాపులున్నాయి, ఆపైన ప్రతి కిలోమీటరుకూ వేరే వసూలు. బండి తీసుకునేటప్పుడు "ఎన్ని కిలోమీటర్లు" అని మొదట అడగండి, కిరాయి ఎంతని తర్వాత. పెట్రోలు కింద ఊళ్లోనే నింపుకోండి. కొండమీద గాలి మైదానం కంటే ఎనిమిది, పది డిగ్రీలు చల్లగా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో పొద్దున పూట హాఫ్ షర్టుతో పోయినోడు కారు దిగడు. రగ్గు తీసుకుపోవడానికి సిగ్గుపడొద్దు.

ఎక్కడం కంటే దిగడం జాగ్రత్త. 2018 సెప్టెంబరు 11 సంగతి జగిత్యాల జిల్లా మనిషికి గుర్తుచేయనక్కర్లేదు. కొండగట్టు ఘాట్‌లో కిక్కిరిసిన బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయారు. దిగుడులో బ్రేకు మీద కాలు తీయకుండా వస్తే ప్యాడ్లు వేడెక్కుతాయి. కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడి ఎంత తొక్కినా బండి ఆగదు. ఆటోమేటిక్ కారులో గేరు 'డీ'లో వదిలేయకుండా 'ఎల్' లోకో, '2' లోకో, మాన్యువల్ మోడ్ ఉంటే తక్కువ గేరులోకో వేయాలి. ఇంజను శబ్దం పెరుగుతుంది, భయపడొద్దు, బండిని పట్టి ఆపుతోంది ఇంజనే. బ్రేకు మలుపు ముందు కొద్దిగా గట్టిగా తొక్కి వదిలేయాలి. వాసన వస్తే వెడల్పున్న చోట పక్కకు ఆపి అరగంట ఆరనివ్వండి. వేడి బ్రేకుల మీద నీళ్లు పోయొద్దు, డిస్కు వంకర పోతుంది.

రెండో దారి సముద్రం ఒడ్డునున్న ఖోర్‌ఫక్కాన్. షార్జా నుంచి కొండలు తొలిచి ఐదు సొరంగాలతో వేసిన రోడ్డు 2019లో తెరిచారు, 89 కిలోమీటర్లు. దారే సగం ట్రిప్పు. బీచిలో నీడ, బాత్రూములు, కూర్చునే చోటు అన్నీ ఉన్నాయి. కానీ అది షార్జా ఎమిరేట్. అక్కడ మందు అమ్మడమే కాదు, దగ్గర పెట్టుకోవడమూ నేరమే. బండిలో సీసాతో షార్జా గుండా పోవాలన్న ఆలోచన మానుకోండి. తాగి నడిపితే ఏ ఎమిరేట్‌లోనైనా చుక్కకు కూడా మినహాయింపు లేదు.

ఈతగాళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. మన వైపు ఈత అంటే బాయిల నేర్చుకున్నదే. మోటలు పోయినా బావులు మిగిలాయి, ఎండాకాలం గడ్డమీంచి దూకి నేర్చుకున్నవాళ్లే అందరూ. బావి నీళ్లు కదలవు, గోడ పది బారల దూరంలో ఉంటుంది. దుబాయి వైపు సముద్రం లోపలి గల్ఫ్ కాబట్టి కొంత శాంతంగా ఉంటుంది. ఖోర్‌ఫక్కాన్, ఫుజైరా వైపుది ఒమాన్ అఖాతం, మహాసముద్రానికి తెరుచుకున్న నీళ్లు. అల ఒడ్డుకొచ్చి తిరిగిపోయేటప్పుడు కొన్నిచోట్ల సన్నటి పాయగా లోపలికి లాగుతుంది. దూరం నుంచి చూస్తే అక్కడే అలలు తక్కువగా, నీళ్లు నిమ్మళంగా కనబడతాయి. కొత్తోడు మంచి చోటనుకుని అక్కడే దిగుతాడు. లాగినప్పుడు ఒడ్డుకు ఎదురీదితే ఐదు నిమిషాల్లో చేతులు పడిపోతాయి. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు ఈదాలి, పాయ వెడల్పు దాటాక అలలే ఒడ్డుకు తోస్తాయి. చేతకాకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఊపాలి. ఎర్రజెండా ఉంటే మోకాలి లోతు కూడా దిగొద్దు. పోలీసుకు 999, అంబులెన్సుకు 998, కోస్ట్‌గార్డుకు 996.

హత్తా డ్యాము గురించి అడిగేవాళ్లు ఎక్కువ. నీళ్లు పచ్చగా, చుట్టూ ఎర్రకొండలు, బాగుంటుంది. డ్యాములో పడవ నడపొచ్చు, ఈతకు దిగొద్దు. చిక్కు దారితో వస్తుంది. దుబాయి నుంచి ఈ-44 పాత రోడ్డు మధ్యలో కొంత దూరం ఒమాన్ భూభాగం గుండా పోతుంది, అక్కడ చెక్‌పోస్టు దగ్గర మనలాంటి వాళ్లను వెనక్కి తిప్పుతారు. ఫోన్‌లో మ్యాపు ఒక్కోసారి అదే దగ్గరి దారని చూపిస్తుంది. మదాం దగ్గర మలైహా వైపు తిరిగి షార్జా, కల్బా రోడ్డు ఈ-102 ఎక్కి పోవాలి. కొంచెం చుట్టు, కానీ బేఫికర్. కారు లేనివాళ్లకు దుబాయి మాల్ బస్ స్టేషన్ నుంచి హత్తా ఎక్స్‌ప్రెస్ బస్సుంది, దానికీ 25 దిర్హమ్‌లే.

ఫుజైరా, ఖోర్‌ఫక్కాన్ మధ్యలో మధా అని ఒక ముక్క ఉంది. నాలుగు పక్కలా ఎమిరేట్సే, లోపల ఒమాన్. దాని నడిబొడ్డున నహ్వా అనే పల్లె మళ్లీ ఎమిరేట్స్‌ది. గేటు లేదు, స్టాంపు లేదు. ఫోన్ ఒమాన్ సిగ్నల్ పట్టుకుని రోమింగ్ కోత మొదలుపెట్టినప్పుడే దేశం మారిన సంగతి తెలుస్తుంది. సరదాగానే ఉంటుంది గానీ కిరాయి కారు ఇన్సూరెన్స్ ఒమాన్‌కు వర్తించదని మరిచిపోవద్దు.

అసలు ఒమాన్‌కు, అంటే ముసందం కొండలకు, ఖసబ్‌కు అప్పటికప్పుడు పోదామనేవాళ్లను మేము ఆపుతాం. పాస్‌పోర్టు చేతిలో ఉండాలి, వీసా అర్హత చూసుకోవాలి, ఎమిరేట్స్ సరిహద్దులో మనిషికి 35 దిర్హమ్‌ల ఫీజు, కారుకు ఒమాన్ ఇన్సూరెన్స్, కిరాయి కారైతే ఓనరు ఇచ్చే అనుమతి పత్రం. ఇందులో ఒక్కటి తక్కువైనా మూడు గంటల దారి పోయి వెనక్కి రావాలి. అది ఈద్ సెలవులకు పెట్టుకునే ప్రయాణం.

అబుదాబి దారిలో అబూ మురైఖాలోని బాప్స్ హిందూ మందిరం 2024 ఫిబ్రవరి 14న మొదలైనప్పటి నుంచి మన రూముల్లో ప్రతి సెలవుకూ వచ్చే పేరు అదే. దర్శనానికి పైసలు లేవు, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి, సోమవారం మూసి ఉంటుంది, షార్టులతో రానివ్వరు. ఆ వైపు పోయే డ్రైవర్‌కు ఒక మాట. దుబాయిలో బోర్డు మీద 100 ఉంటే 120 దాకా కెమెరా ఊరుకుంటుంది. అబుదాబి ఎమిరేట్ 2018 ఆగస్టు నుంచి ఆ వెసులుబాటు తీసేసింది, బోర్డు మీద 140 అంటే 140. హద్దు దాటాక కూడా పాత అలవాటుతో తోలి ఫైన్లు తెచ్చుకునేవాళ్లు ప్రతి క్యాంపులో ఉన్నారు.

బండి తీసుకునేటప్పుడు టైర్లు చూడండి, రంగు కాదు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని. ఐదేండ్లు దాటిన టైరు వద్దనండి, అరుగు బాగున్నా సరే. వేడికి రబ్బరు లోపల పగిలి, 120 వేగంలో పేలేది ఇవే. గీతలు, సొట్టలు అన్నీ షాపువాడి ముందే వీడియో తీసుకోండి, బంపర్ కింది భాగం కూడా. చిన్న రాపిడి తగిలినా పోలీసు రిపోర్టు లేకుండా గ్యారేజీవాళ్లు బండి ముట్టుకోరు, కాబట్టి "మనలో మనం చూసుకుందాం" అనే మాట అక్కడ నడవదు.

ఇసుకలో ఫొటో కోసం చిన్న కారును రోడ్డు దించేవాళ్లకు చెప్పి లాభం లేదు గానీ, దిగబడితే ఏం చేయాలో చెప్పొచ్చు. యాక్సిలరేటర్ తొక్కొద్దు. తొక్కిన కొద్దీ చక్రం గుంత తవ్వుకుని బండి పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది. అందరూ దిగండి. నాలుగు టైర్లలో గాలి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా తీయండి, టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుకను పట్టుకుంటుంది. ముందు చక్రాల చుట్టూ చేతులతోనే ఇసుక తోడి, కాళ్లకింది మ్యాట్లు ఆ చక్రాలకు ఆనించి, వచ్చిన జాడలోనే వెనక్కి నెమ్మదిగా తీయాలి. నెట్టేవాళ్లు పక్క నుంచి నెట్టాలి, చక్రానికి సూటిగా నిలబడొద్దు. రోడ్డెక్కాక అదే గాలితో వేగంగా పోవద్దు, దగ్గరి పెట్రోలు బంకులో మళ్లీ 32, 33కు కొట్టించుకోవాలి.

వాన రోజున కొండల వైపు అసలు పోవద్దు. ఎండిన వాగు చూసి మనకేం అనిపించదు, మానేరు ఎన్నిసార్లు అట్ల చూశాం. అక్కడ కొండ మీద మట్టి లేదు, చెట్టు లేదు, పడిన చినుకంతా రాయి మీంచి జారి నిమిషాల్లో వాదీలోకి, అంటే వాగులోకి వస్తుంది. మీ మీద ఎండ కాస్తుండగానే పైన కురిసిన వాన వచ్చి పడుతుంది. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్కరోజు లోపల 254 మిల్లీమీటర్లు పడింది. పారుతున్న వాదీలోకి బండి దించితే 2000 దిర్హమ్‌ల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు, బండి 60 రోజులు జప్తు. ఒడ్డున నిలబడి చూస్తూ గుంపు కట్టినా 1000 దిర్హమ్‌లు, 6 పాయింట్లు.

ఎండాకాలం సంగతి ఒక్క మాట. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించొద్దని ప్రభుత్వమే ఆపే కాలంలో, సెలవని అదే ఎండలోకి పోవడం తెలివి కాదు. నవంబరు నుంచి మార్చి దాకా మన కాలం.

తిండి రూము నుంచే. పులిహోర చింతపండు, నూనె పుణ్యమా అని సాయంత్రం దాకా నిలుస్తుంది. అన్నం ఆరిన తర్వాతే కలపాలి, వేడి మీద డబ్బా మూత పెడితే చెమ్మకు మధ్యాహ్నానికే జిగురొస్తుంది. సర్వపిండి అయితే ఇంకా మంచిది, పల్లీలు, నువ్వులు వేసి పలుచగా తట్టి ఎర్రగా కాల్చుకుంటే చేత్తో పట్టుకుని తినొచ్చు, ప్లేటు అక్కర్లేదు. ఊరి నుంచి వచ్చిన సకినాలుంటే చెప్పేదే లేదు. మటన్ ఇగురు పెట్టి నీరు లేకుండా వేపుకోండి. కొబ్బరి చట్నీ, పెరుగన్నం కారు డిక్కీలో పెట్టొద్దు, లబన్ (మజ్జిగ) దారిలో చల్లగా కొనుక్కోవచ్చు. నీళ్లు మనిషికి నాలుగు లీటర్లు, తాగకపోతే చేతులు కడుగుతారు. పొయ్యి రాజేసే ఆలోచన ఉంటే అనుమతి ఉన్న పార్కుల్లోనే, బీచిలో కనబడినచోటల్లా బొగ్గులు పోస్తే ఫైన్ పడుతుంది.

ఫొటోల గురించి కూడా చెప్పాలి. ఓడరేవు, నూనె ట్యాంకులు, మిలిటరీ గేటు, తెలియని ఆడవాళ్లు ఫ్రేములో ఉండకూడదు, అది చట్టం. ఇంకొకటి చట్టంలో లేనిది. కిరాయి కారు బానెట్ మీద చెయ్యేసి దిగిన ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే, సోమవారం లోపల ఊరినుంచి ఇద్దరు అప్పడుగుతారు, ఒకరు వీసా అడుగుతారు. ఇంట్లో కూడా "బాగానే తిరుగుతున్నడు, పైసలు మాత్రం తక్కువ పంపుతున్నడు" అనే మాట పుడుతుంది. తిరగడం దాచిపెట్టాల్సిన తప్పు కాదు. కాకపోతే భార్యకు, అమ్మకు తలకు 70 దిర్హమ్‌ల లెక్క ముందే ఫోన్‌లో చెప్పి, ఆ తర్వాత ఫొటో పెట్టండి. కొండమీంచి వీడియో కాల్ చేస్తే ఇంకా మంచిది, పిల్లలు కూడా చూస్తారు.

తిరుగు ప్రయాణం నాలుగు లోపల మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం రస్ అల్ ఖైమా నుంచి షార్జా దాటేదాకా బండ్లు ఆగి ఆగి కదులుతాయి. బస్సువాళ్లయితే ఆఖరి బస్సును నమ్ముకోవద్దు, అది నిండిపోయి కండ్లముందే వెళ్లిపోతుంది, దాని ముందు రెండో బస్సుకు లైన్లో ఉండాలి. కారు అప్పగించే ముందు సీట్ల కింద ఇసుక దులిపి, పెట్రోలు తీసుకున్నప్పటి గీత దాకా నింపి, మీటరు ఫొటో తీసుకోండి. కార్డు మీద ఆపిన డిపాజిట్ మరునాడే రాదు, కెమెరా ఫైన్లు, సాలిక్ లెక్క తేలేదాకా రెండు నుంచి నాలుగు వారాలు పట్టుకుంటారు. కాబట్టి నెలాఖరున ఇంటికి పంపాల్సిన పైసలున్న కార్డును డిపాజిట్‌కు ఇవ్వొద్దు, వేరే కార్డు చూసుకోండి.